నీళ్ళు పోయడం తేలిక, తాగించడమే కష్టం

"ఒసే, ఇంకొక్క గుక్క పొయ్యవే."

"ఇప్పుడే కదేటి పోసినాను. సాయంత్రం దాకా ఆగు. డాట్రుబాబు ఏటన్నాడు?"

"ఊరందరికీ పోస్తావు, నాకు పొయ్యవు."

"మాటలాడకు మావా, ఇంకా ఎండిపోతాది నోరు. పడుకో."

మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు ఇవే. గుడ్డ తడిపి పెదాలు తుడుద్దామని వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి మనిషి లేడు.

ఏడవడానికి ఇది చెప్పడం లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. చిరాకు మాత్రం ఇంకా అవలేదు. తాగు తాగు అని చెంబు పట్టుకుని వెంటపడిన రోజుల్లో నా పెనిమిటి తాగలేదు. తాగకూడదని డాక్టర్లు కట్టడి చేసిన రోజుల్లో అడిగి అడిగి పోయాడు. నేను బతుకంతా చేసిన పని ఏమిటో తెలుసా? జనానికి నీళ్ళు పోయడం.

నా పేరు దాలమ్మ. మాది ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. ఉపాధి పనులు మొదలైన దగ్గర్నుంచి నా మోకాళ్ళు లొంగిపోయేదాకా, పనిచేసేవాళ్ళకు మంచినీళ్ళు అందించడమే నా ఉద్యోగం. చెరువుల్లో పూడిక తీసేవాళ్ళ మధ్య, కొండవాలున కందకాలు తవ్వేవాళ్ళ మధ్య, ప్రతి ఎండాకాలం బిందె చంకనెత్తుకుని తిరిగాను. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళుంటే నవ్వండి. కానీ ముందు మీ ఇంట్లో ఒక్క మనిషి చేత, ఒక్క రోజు, ఒంటికి చాలినన్ని నీళ్ళు తాగించి చూపించండి. ఆ తరవాత నవ్వండి.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే రాస్తున్నది నీలవేణి, మా తమ్ముడి కూతురు. వచ్చే సోమవారం నుంచి నా పని దానిదే. దానికోసమూ, పక్క ఊళ్ళలో ఈ పనికి కొత్తగా వచ్చే ఆడపిల్లలకోసమూ ఇది చెబుతున్నాను. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. నీలవేణి ఇన్నాళ్ళూ జీడిపిక్కలు వలిచే పనికి వెళ్ళింది. మొన్న మూత్రంలో మంట, జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం పరీక్ష చేశారు. "కిడ్నీ లెక్క కాస్త పెరిగిందమ్మా. ఇప్పుడే జబ్బు అని అనను. నీళ్ళు బాగా తాగు, నొప్పి బిళ్ళలు మానెయ్యి, నెల పోయాక మళ్ళీ పరీక్ష చేద్దాం" అంది డాక్టరమ్మ. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. మా ఊళ్ళో "కాస్త" అన్న మాటతో మొదలైన ఇళ్ళు ఎన్ని ఎలా ముగిశాయో అందరికీ తెలుసు. మా ఇల్లూ అందులో ఒకటి. ఇంత తెలిసీ ఈ పిల్ల నీళ్ళు తాగదు. అదీ నా మంట.

అడగకూడదు

మొదటి ఏడు నాకు పని తెలియదు. నీళ్ళు తెచ్చి కుండల్లో పోసి, తడిగుడ్డ చుట్టి, నీడకోసం కట్టిన పరదా కింద కూర్చున్నాను. దాహమేసినవాళ్ళు వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తికి వస్తున్నా కుండలో నీరు అలాగే ఉంది.

మా మేటు గవరయ్య, అంటే పనివాళ్ళ గుంపుకు పెద్ద, గొంతు పెద్దది, బుర్ర మధ్యరకం. నన్ను అక్క వరసలో అప్పా అని పిలుస్తాడు. అతనితో అన్నాను.

"ఒరే గవరయ్యా, ఎవుడూ తాగడం లేదురా."

"దాహమేసినోడు వస్తాడప్పా. రాలేదంటే ఎయ్యలేదన్నమాట. నువ్వెందుకలగ ఇదైపోతావు?"

దాహం వేయక కాదు. ఉపాధి పనిలో కూలి కొలతను బట్టి. గుంపంతా కలిసి ఎంత మట్టి తీస్తే అంత. ఒకడు గునపం కింద పెట్టి పరదా దాకా నడిచి వెళ్ళి వస్తే మిగతావాళ్ళు మూతి ముడుస్తారు. "నీల్లకెల్లినాడా, పెల్లికెల్లినాడా" అని వెటకారం. ఆ మాట పడటం కన్నా నోరెండడమే మేలనుకుంటాడు మనిషి.

ఆ ఏడే మా ఊరి నర్సమ్మ పని దగ్గరికి వచ్చింది. నేను ఆమెతోనూ అదే మొర పెట్టుకున్నాను. "దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. నువ్వు వాళ్ళకోసం కూర్చోకు. నువ్వే వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఒకేసారి చెంబెడు కాదు, కాస్తకాస్తగా మాటిమాటికీ పొయ్యి" అంది. నా పనిలో నాకు దొరికిన చదువు ఆ నాలుగు మాటలే.

మర్నాటినుంచి బిందె ఎత్తుకుని వరసలో నడిచాను. అప్పుడు ఇంకొకటి తెలిసింది. "తాగుతావా?" అని అడిగితే ప్రతివాడూ "ఒద్దప్పా" అంటాడు. మనవాళ్ళకు అడగ్గానే వద్దనడం ఒక మర్యాద. చుట్టపుచూపుగా వచ్చినవాడు కడుపు మాడుతున్నా మూడోసారి బతిమాలితేగానీ పీట మీద కూర్చోడు. ఎండలో మూడుసార్లు బతిమాలే తీరిక నాకు లేదు. అందుకని అడగడం మానేశాను. ఎదురుగా నిలబడి చెంబు వంచి "పట్టు" అంటాను. చెయ్యి దానంతటదే దోసిలైపోతుంది. దోసిట్లో పడ్డ నీళ్ళు పారబోసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

మొదటి దోసిలి ఎప్పుడూ గవరయ్యకే.

"ఇదేటప్పా, పొద్దున్నే బోణీ నాకేనా?"

"నీ నోరే కదరా ముందు ఎండిపోతాది, అరిసి అరిసి."

అందరూ నవ్వేవారు. మేటు తాగాక మిగతావాళ్ళు తాగడానికి ఎవరి మొహమూ చూడక్కరలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. గుంపులో ఎవడు తాగితే మిగతావాళ్ళు తాగుతారో వాణ్ణి ముందు పట్టుకోవాలి.

ఒక సంగతి దాచను. ఈ పనికి నన్నే ఎందుకు పెట్టారంటే, నా చేతి నీళ్ళు అన్ని వీధులవాళ్ళూ తాగుతారని. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనరు కూడా. తట్టలు మోసే ఎర్రమ్మకు నాకన్నా బలముంది, నాకన్నా చురుకు. ఆమెను అడగలేదు. ఆమె పోస్తే గొంతు తడారి చస్తారుగానీ తాగనివాళ్ళు ఆ గుంపులో ఉన్నారు. సాటి మనిషి చెయ్యి చూసి నీళ్ళు వద్దనుకునే ఒంటికి ఏ వైద్యమూ లేదు. నా మోకాళ్ళు వాచిన రోజుల్లో ఎర్రమ్మ చేతనే పోయించాను. ఇద్దరు మొహం తిప్పుకున్నారు. ఎండ ముదిరాక వాళ్ళే దోసిలి పట్టారు. ఎండకు అన్ని వీధులూ ఒకటే.

ముసలివాళ్ళది ఇంకో గొడవ. "సెమట మీద నీల్లు పడితే గుండె పట్టీస్తాది" అంటారు. వాళ్ళతో వాదించి నేను చాలా ఎండ వృథా చేశాను. తరవాత వాదన మానేసి, "కూకో మావా, సెమట ఆరనీ, సిన్న గుటకలెయ్యి" అనేదాన్ని. వాళ్ళ మాటా చెల్లింది, నా నీళ్ళూ చెల్లాయి.

చాటు

మగవాళ్ళు దారికి వచ్చారుగానీ ఆడవాళ్ళు రాలేదు. దోసిలి పట్టేవారు, పెదాలు తడిపేవారు, మిగతాది మొహాన చల్లుకునేవారు. తెల్లారగట్ల ఇంట్లోంచి బయలుదేరినప్పుడు కూడా గుక్కెడు తాగి రారు. నేను కసిరితే ఎర్రమ్మ తట్ట కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నీకేటప్పా, పోసీసి ఎల్లిపోతావు. తాగినాక ఎక్కడికెల్లి కూకోమంటావు? గవరయ్య నెత్తి మీదా?"

ఆడవాళ్ళంతా కిసుక్కుమన్నారు. గవరయ్య వినబడనట్టు గట్టు కొలవడం మొదలుపెట్టాడు.

ఎండిన చెరువు గర్భం అరచెయ్యిలా ఉంటుంది. ఒక్క పొద లేదు. గట్టు మీద ఎప్పుడూ నలుగురు మగాళ్ళు. అందులో ఆడది ఎక్కడికి పోతుంది? అందుకని నోరు కట్టేసుకుంటుంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆపుకుంటుంది. ఇంటికెళ్ళాక మంట, నడుంనొప్పి. దానికి కొట్లో దొరికే నొప్పి బిళ్ళ. బిళ్ళ వేసుకుని మళ్ళీ పొద్దున్నే పని. మా వాళ్ళకు నీళ్ళ విలువ తెలియదని సభల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విలువ తెలుసు బాబూ. తాగినది పోసుకునే చోటే తెలియదు.

పనులు చూసుకునే ఫీల్డ్ అసిస్టెంటు కుర్రాడి దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఆడోల్లకి ఏదో ఒక సాటు కావాల. నాలుగు కర్రలూ ఒక పరదా ఇప్పించు."

"నిన్ను పెట్టింది నీల్లకి పిన్నీ. మరుగుదొడ్లకి కాదు."

"ఎక్కిన నీల్లు దిగవేటి బాబూ? నీకు దిగవా?"

కుర్రాడు ఎర్రబడిపోయాడు. "సూద్దాం, పైకి రాస్తాను" అన్నాడు. పైకి రాసినది కిందికి ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు కాబట్టి, మర్నాడు నా పాతచీర తీసుకెళ్ళి నాలుగు జీడికొమ్మలకు కట్టాను. ఒక్క గాలి వీచేసరికి చీర ఎగిరి వెళ్ళి గవరయ్య మీద పడింది. ఆ రోజంతా పని తక్కువ, నవ్వు ఎక్కువ. ఆ మర్నాడు ఆడవాళ్ళే తలా ఒక కొబ్బరిమట్ట మోసుకొచ్చారు. ఎర్రమ్మ కూర్చుని తడక అల్లింది. గట్టు వెనక దాన్ని నిలబెట్టాం.

ఆ రోజు నా బిందె పొద్దెక్కకుండానే ఖాళీ అయింది. మళ్ళీ తేవడానికి వెళ్ళాను, మళ్ళీ ఖాళీ. అప్పటిదాకా నా పని నీళ్ళు పోయడం అనుకున్నాను. అది సగమే. మిగతా సగం చాటు చూపించడం. కొత్తగా వచ్చే పిల్లల్లారా, పనిచోటు మారినప్పుడు ముందు నీళ్ళకుండ ఎక్కడ పెట్టాలని కాదు, తడక ఎక్కడ పెట్టాలని చూడండి. ఆ ఫీల్డ్ అసిస్టెంటు తరవాత ఏదో సమావేశంలో ఆ తడక తన ఆలోచనే అని చెప్పాడట. చెప్పుకోనీ. కానీ చోటు మారిన ప్రతిసారీ ఆ సొంత ఆలోచన మరిచిపోయేవాడు. ప్రతిసారీ మళ్ళీ నేను తగువుపడాలి.

నీలవేణి పనిచేసిన జీడి షెడ్డులో ఏం జరిగిందో కూడా రాయించాలి. అది రాయనంటోంది. రాయి. అక్కడ మరుగుదొడ్డి గది ఉంది. లేకేం. కానీ పిక్క పగలగొట్టేటప్పుడు దాని తొక్కలోంచి చేతులకు అంటుకునే చమురు ఒంటి మీద ఎక్కడ తాకితే అక్కడ బొబ్బ. గదికి వెళ్ళాలంటే ముందు చేతులు బాగా తోముకోవాలి, వచ్చాక చమురు అంటకుండా మళ్ళీ బూడిద రాసుకోవాలి. కూలి వలిచిన పప్పు తూకాన్ని బట్టి, ఈలోగా పక్క పిల్ల పప్పు గుట్ట పెరిగిపోతుంది. అందుకని ఆ షెడ్డులో ఆడపిల్లలంతా పొద్దున్న టీ చుక్కతో సాయంత్రం దాకా లాగించేస్తారు. అలా ఏళ్ళు గడిచాయి. ఎవరూ బలవంతం చేయలేదు. నీళ్ళు తాగొద్దని ఎవరూ అనలేదు. అనక్కరలేకుండా ఏర్పాటు అలా కుదిరింది.

సింహాచలం సీసా

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తుందో నన్ను అడగకండి. పెద్దపెద్దవాళ్ళు వచ్చి మా నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. ఇదీ సంగతి అని తేల్చిన మాట మా వీధి దాకా రాలేదు. నీళ్ళన్నవాళ్ళున్నారు, ఎండన్నవాళ్ళున్నారు, మందులన్నవాళ్ళున్నారు. నాకు తెలియదు. తెలియనిది చెప్పను.

కానీ "నీళ్ళేమో" అన్న అనుమానం ఉంది చూశారూ, అది మా వాళ్ళ గొంతుకు అడ్డంగా పడింది. మా పక్కింటి సింహాచలం వాళ్ళ అన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఆ రోజునుంచి సింహాచలం బోరునీళ్ళు ముట్టడు. టౌన్ నుంచి వచ్చే టిన్ను నీళ్ళు కొని, ఇంటిల్లిపాదికీ గ్లాసు లెక్కన పంచుతాడు. పనికి వచ్చేటప్పుడు చిన్న కూల్‌డ్రింకు సీసాలో ఆ నీళ్ళు తెచ్చుకుంటాడు. మధ్యాహ్నం దాకా అదే. తరవాత దూరం నుంచి ఏటినీళ్ళు గొట్టాల్లో మా ఊరికి వచ్చాయి. నేను ఆ కుళాయి నీళ్ళే తెచ్చేదాన్ని. అయినా వాడికి నమ్మకం లేదు.

"పట్టురా సింహాచలం."

"నా నీల్లు నాకున్నాయప్పా."

"ఆ సీసాడు నీల్లా? పిల్లి తాగీసి ఇంకా కావాలంటాది."

"కొంచమైనా మంచివి. నీవి ఏటో ఎవుడికి తెలుసు?"

"ఊరంతా తాగుతున్నాది కదరా."

"ఊరంతా సస్తన్నాది కూడా."

బిందె ఎత్తుకుని ముందుకు వెళ్ళిపోయాను.

ఆ వేసవిలోనే కొండవాలున కందకాలు తవ్వుతున్నాం. రాతినేల, గాలిలేదు. సింహాచలం కాళ్ళ పిక్కలు పట్టేసి కూలబడ్డాడు. మొదట అందరూ నవ్వారు. తరవాత వాడు ఎవరో లేని మనిషితో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. గవరయ్యా నేనూ వాణ్ణి పరదా కిందికి ఈడ్చుకొచ్చి, చొక్కా విప్పి, తడిబట్ట కప్పి, విసురుతూ కూర్చున్నాం. ఎవరో నోట్లో నీళ్ళు పోయబోతే నేను చెయ్యి కొట్టేశాను. తెలివిలేని మనిషి నోట్లో పోస్తే అది కడుపులోకి కాదు, ఊపిరిలోకి పోతుంది. ఇది కూడా నర్సమ్మ చెప్పిందే. ఒకరు ఆటోకోసం పరుగెత్తారు. కాసేపటికి కళ్ళు తెరిచి, పేరు పిలిస్తే పలికాడు. అప్పుడు లేపి కూర్చోబెట్టి, ఉప్పూ పంచదారా కలిసిన పొడి నీళ్ళలో కలిపి చెంచాలెక్కన ఇచ్చాను. ఒక గుటక మింగి నావంక చూశాడు.

"ఏ నీల్లప్పా ఇవి?"

"సావు ముందు నుంచున్నాది, నీకు బోరు ఊసెందుకురా? నోరు తెరు."

ఆసుపత్రిలో సెలైను ఎక్కించి పంపారు. వాడు మారాడని చెప్పను. సింహాచలం మారలేదు, వాడి సీసా మారింది. పెద్ద డబ్బా నిండా వాడి నీళ్ళే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. నాకు అది చాలు. నా నీళ్ళు తాగించడం నా ఉద్యోగం కాదు, నీళ్ళు తాగించడం నా ఉద్యోగం. భయాన్ని తిట్టి పోగొట్టలేం. భయపడేవాణ్ణి భయపడుతూనే తాగనివ్వాలి.

చెట్టెక్కే మనిషి

నా పెనిమిటి అప్పన్న కొబ్బరి దింపు మనిషి. తోటలవాళ్ళు పిలిస్తే చెట్లెక్కి కాయలు దింపేవాడు. ఆ పనివాళ్ళకు ఒక అలవాటుంది. ఎక్కేముందు నీళ్ళు తాగరు. కడుపులో నీరు కుదిపితే కాలు జారుతుందంటారు. పైగా సగం చెట్టు మీద అవసరం పడితే దిగడమెలా? ఒక చెట్టు దిగి ఇంకో చెట్టు ఎక్కడమే కాబట్టి, "ఎక్కేముందు" అన్నది మధ్యాహ్నం దాకా సాగుతుంది. నెత్తి మీద గెలలనిండా నీళ్ళు, నోట్లో తడి లేదు.

"మావా, రెండు సెట్ల మధ్యన కాస్త కూకుని తాగవేటి?"

"నువ్వెక్కి సూడు, తెలుస్తాది."

"సెట్టెక్కిన కోతి కూడా ఏటికాడికొచ్చి తాగుతాది."

"కోతికి నీలాంటి పెల్లం నేదు."

ఇలాగే పోయేవి మాటలు. సాయంత్రం దిగాక కల్లు. ఒళ్ళు నొప్పులకు కొట్టువాడు ఇచ్చిన బిళ్ళలు, ఏళ్ళ తరబడి. జబ్బు అందువల్లే వచ్చిందని నేను అనను, డాక్టర్లూ అనలేదు. కానీ ఆ బిళ్ళల సంగతి విన్నప్పుడు డాక్టరుబాబు చేతిలో కలం కింద పెట్టేశాడు.

కాళ్ళు వాచాయి. అన్నం సహించలేదు. రక్తం శుభ్రం చేసే మిషను దాకా వచ్చింది వ్యవహారం. అప్పుడు డాక్టరుబాబు నన్ను పక్కకు పిలిచి, "ఇకమీదట నీళ్ళు కొలిచి ఇవ్వాలమ్మా. ఆయన కిడ్నీలు నీళ్ళను బయటికి పంపలేకపోతున్నాయి. తాగిందంతా ఒంట్లోనే నిలిచిపోతుంది, ఊపిరి ఆడనివ్వదు" అన్నాడు. నేను నా చెవులను నమ్మలేదు. ఎవరికి చెబుతున్నాడీయన? నాకా?

ఇంట్లో కుండ దాచాను. చెంబు దాచాను. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి "పోనీ పొయ్యే, పాపం, ఏటవుతాది" అనేవారు. ఏమవుతుందో రాత్రి పగలు దగ్గర కూర్చున్న నాకు తెలుసు. ఒకసారి ఎవరో జాలిపడి చెంబెడు ఇచ్చారు. ఆయాసంతో మళ్ళీ ఆసుపత్రికి పరుగు. ఆ జాలిపడినవాళ్ళు ఆటో ఎక్కలేదు. ఆయన పోయాక వాళ్ళే, "గుక్కెడు నీల్లియ్యకే పోయినాడు" అన్నారు. అననీ. మళ్ళీ ఆ రోజులొచ్చినా నేను కొలిచే ఇస్తాను.

నన్ను నిజంగా కూలదోసింది అది కాదు. మొన్న నీలవేణిని ఆసుపత్రి నుంచి తెచ్చాక జరిగినది. ఇంటికి వచ్చి నాలుగు రోజులైనా ఈ పిల్ల గ్లాసు ముట్టదు.

"ఏలే తాగవు?"

"దాహం నేదత్తా."

"దాహం సంగతి నాకు సెప్పకు. డాట్రమ్మ ఏటంది?"

"తాగమంది. కానీ... మావకి తాగొద్దన్నారు కదా."

"అది మావకి!"

"మావకీ ముందు కాస్తే కదత్తా పెరిగింది. అప్పుడే నీల్లు తగ్గించుంటే అంతదాకా ఎల్లేది కాదేమో అనీసి... నాను ముందే తగ్గించీసుకున్నాను."

మావ మంచం పక్కన ఈ పిల్లే సాయం కూర్చునేది. నేను కుండ దాచడం చూసింది. దాచినదే విషం అనుకుంది. తరవాత వీధిలో వాకబు చేస్తే ఇది ఒక్కతే కాదు. జబ్బుమనిషి ఉన్న ఇళ్ళన్నిటిలో ఇదే లెక్క. రోగికి నీళ్ళు తగ్గించారు కాబట్టి కిడ్నీకి నీళ్ళు పడవు, కాబట్టి జబ్బు రాకుండా మనం ముందే తగ్గించుకుందాం. ఇన్నేళ్ళు ఊరంతటికీ నీళ్ళు పోశాను, నా ఇంటి మంచం పక్కనుంచే ఊరికి ఈ పాఠం వెళ్ళింది.

అప్పుడు దానికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. వరిమడి ఉంది. దానిలోంచి నీరు బయటికి పోయే తూము ఉంది. తూము బాగున్నంతకాలం నీరు పారుతూ ఉండాలి, లేకపోతే మడి బీటలు తీస్తుంది. తూము పూడిపోయిందనుకో, అప్పుడు నీరు పెడితే గట్టు తెగుతుంది. అందుకని కట్టేస్తాం. పక్కవాడి గట్టు తెగిందని, తూము బాగున్న నీ మడిని ఎండగట్టుకుంటావా? ఏ రైతైనా ఆ పని చేస్తాడా? మడి సంగతి ఇంత బాగా తెలిసినవాళ్ళు ఒంటి సంగతి వచ్చేసరికి ఇలా ఎందుకైపోతారు?

తల ఊపింది. తల ఊపడం నాకు అక్కరలేదు. తల ఊపేవాళ్ళను చాలామందిని చూశాను.

సోమవారం నుంచి

ఇంక చెప్పవలసింది కొంచెమే. ఎవరెన్ని నీళ్ళు తాగాలని నన్ను అడిగితే నేను చెంబులు లెక్కపెట్టను. ఎండను బట్టి, పనిని బట్టి, ఒంటిని బట్టి. డాక్టరమ్మ నాకు చెప్పిన గుర్తు ఒక్కటే: మూత్రం ఎండుగడ్డి రంగులో పలచగా ఉంటే సరే. ఆవనూనెలా చిక్కబడితే తాగినది చాలలేదు. దానికి మిషను అక్కరలేదు, సిగ్గుపడకుండా చూసుకోవడం కావాలి. టీ తాగాను కదా అనకండి. మా అమ్మానాన్నలు పులిసిన అన్నం నీళ్ళ తరవాణీ, రాగిపిండితో కాచిన చోడంబలీ తాగి పనికి పోయేవారు. తిండిలోనే నీరు కలిసి పోయేది. మీరు పొడి బిస్కట్టూ, టీ చుక్కా వేసుకుని పోతున్నారు. ఆ తేడా ఎక్కడో పూడ్చాలి.

గుంపులో ఎవరికి డాక్టరు నీళ్ళు కట్టడి చేశాడో ముందే కనుక్కోండి. వాళ్ళు అసలు ఎండలోకి రాకూడదు, కానీ వస్తారు. ఇల్లు గడవాలి. వాళ్ళు దోసిలి పట్టినా డాక్టరు చెప్పినంతే పోయండి. తిడతారు. పడండి. మిగతావాళ్ళు దోసిలి పట్టకపోయినా పోయండి. వాళ్ళూ తిడతారు. ఈ ఉద్యోగంలో రెండు వైపులా తిట్లే, మెప్పు ఎక్కడా లేదు. మెప్పు కావలసినవాళ్ళు వేరే పని చూసుకోండి.

నీలవేణీ, ఇది నీకు. ఎండిన పెదాలతో నీళ్ళు పోస్తే ఎవడూ తాగడు. గవరయ్య నిన్ను చూసి నవ్వుతాడు. వాడి దోసిలి కన్నా ముందు నీ గొంతు తడవాలి, వాళ్ళందరూ చూస్తుండగా. నెల తిరిగాక ఆసుపత్రికి నీతో నేనూ వస్తాను, మోకాళ్ళు ఈడ్చుకుంటూ అయినా. ఆ కాగితం మీద ఏం రాస్తుందో నాకు తెలియదు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. నీళ్ళు తాగితే అన్నీ పోతాయని అబద్ధం చెప్పను. కానీ ఇంకా తూము తెరిచే ఉంది, డాక్టరమ్మ తాగమనే అంది. తాగమన్నన్నాళ్ళే తాగగలం. ఇంకొక మనిషికి కొలిచి పోసే ఓపిక నాకు లేదు. ఒకసారి పోశాను, చాలు.

"ఏటే, కలం ఆగిపోనాది?"

"ఏటీ నేదత్తా. రాస్తన్నాను."

"జీడి షెడ్డు సంగతి రాసినావా? మావ మంచం కాడ నువ్వనుకున్నది రాసినావా? నీ పేరున్న మాటలన్నీ మింగీసి, సింహాచలాన్నీ గవరయ్యనీ మట్టుకు నింపీసినావేటి? నాకు అచ్చరాలు రావు గానీ నీ మొకం సదవగలను. ఏదీ, ఇలగ దగ్గిరికొచ్చి కూకో. మొదటినుంచీ సదువు. నీ కాడికొచ్చినప్పుడు గొంతు తగ్గించకుండా సదువు, నాను వింటాను."